ఆ చిన్న రంధ్రం ఎక్కడ పెట్టాలి?

పాత క్లారినెట్ కొనబోయేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ధరలే. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి: నల్లని గొట్టం, వెండిరంగు మీటలు, కింద విచ్చుకున్న అంచు. కానీ ఒకదానికి కొత్త మోటారుసైకిలు ఖరీదు చెబుతారు, దాని పక్కదాన్ని ఎంతకిచ్చినా ఇచ్చేస్తామంటారు. బ్యుఫే, సెల్మర్, లెబ్లాంక్, యమహా అంటూ పేర్లు చెప్పి ఊరుకుంటారు. ఆ పేర్లకు విలువ ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే మూడు వందల ఏళ్లు వెనక్కి, జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి వెళ్లాలి. అక్కడ ఒక పనివాడు గొట్టానికి ఒక చిన్న రంధ్రం పెట్టాడు. దాన్ని ఎక్కడ పెడితే బాగుంటుందన్న ప్రశ్న ఆయనతో తీరలేదు. ఈనాటికీ పూర్తిగా తీరలేదు.

ఆ పనివాడి పేరు యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్. 1655లో పుట్టాడు. తండ్రి వేటగాళ్లకు ఈలలు, కొమ్ములు చేసి ఇచ్చేవాడు. కొడుకు కొయ్య వాద్యాల్లో చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఆ రోజుల్లో షాలుమో అనే చిన్న వాద్యం ఒకటి ఉండేది. తిన్నని గొట్టం, పైన ఒకే ఒక్క రెల్లు రీడు. గొంతు తీయనిది, కానీ పరిధి బాగా ఇరుకు. దిగువ స్వరాలు పలికి, ఒక హద్దు దగ్గర ఆగిపోయేది. పై స్థాయికి ఎక్కించాలని ఊదితే కీచుమనడమే తప్ప నిలకడగా పలికేది కాదు.

ఇందులో ఇబ్బంది ఏమిటో మన వాద్యాలతో పోల్చి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. పిల్లనగ్రోవి మీద ఒక స్వరం పట్టి, వేళ్లు కదపకుండా ఊపిరి కాస్త బిగిస్తే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. షడ్జమం తారాషడ్జమం అవుతుంది. సన్నాయి కూడా అంతే, దాని గొట్టం పైనుంచి కిందికి విచ్చుకుంటూ పోతుంది కాబట్టి. అందువల్ల ఆ వాద్యాల్లో ఒక్క స్థాయికి సరిపడా రంధ్రాలుంటే చాలు, పై స్థాయి వాటితోనే వచ్చేస్తుంది. కానీ గొట్టం పొడవునా ఒకే వెడల్పుతో ఉండి, ఒక కొనను రీడు మూసేస్తే గాలి వేరుగా ప్రవర్తిస్తుంది. అది పై షడ్జమం దగ్గర ఆగదు, ఒక్క గెంతున తారాస్థాయి పంచమానికి పోతుంది. కింది షడ్జమానికీ ఆ పంచమానికీ నడుమ పద్దెనిమిది స్వరస్థానాలు ఉండిపోతాయి. వాటన్నిటికీ దారి వేళ్లతోనే వెయ్యాలి. మనిషికి ఉన్నవి పది వేళ్లు, అందులో ఒక బొటనవేలు వాద్యాన్ని మొయ్యడానికే సరిపోతుంది.

డెన్నర్ చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. షాలుమోకు ఉన్న రెండు మీటల్లో వెనకవైపు దాని కింది రంధ్రాన్ని ఇంకా పైకి, రీడు వైపుకు జరిపి బాగా సన్నగా చేశాడు. ఆ సన్నని కంత తెరుచుకోగానే గొట్టంలోని గాలి దిగువ స్వరాన్ని విడిచిపెట్టి పై గెంతు తీసుకుంటుంది. అంతకుముందు కీచుమన్న చోటే బూరలాంటి స్పష్టమైన స్వరం వచ్చింది. న్యూరెంబర్గ్ పండితుడు డోపెల్‌మయర్ 1730లో తన ఊరి గణితవేత్తల గురించీ కళాకారుల గురించీ ఒక గ్రంథం అచ్చువేసి, ఈ వాద్యాన్ని కనిపెట్టిన ఘనత డెన్నర్‌దేనని రాశాడు. డెన్నర్ 1707లోనే పోయాడు. కొడుకు యాకోబ్ తండ్రి పని కొనసాగించాడు. 1710 నాటి ఒక వాద్యాల కొనుగోలు పత్రంలో క్లారినెట్ పేరు కనిపిస్తుంది. యాకోబ్ చేతిపని ఈనాటికీ కొన్ని మిగిలి ఉంది.

ఒక్కటి తీరితే మరొకటి లేచింది. దిగువ స్వరాలు వచ్చాయి, పై స్వరాలు వచ్చాయి, ఆ రెండు వరసలూ కలిసేచోట మాత్రం ఒక్క స్వరం ఎటూ కాకుండా పోయింది. రెండు మీటలూ ఎలా మార్చి తెరిచినా అది శుద్ధంగా పలకదు. వాయించేవాళ్లు పెదవి బిగించో వదిలించో ఎలాగో దాటేసేవాళ్లు. చాలాకాలం దాన్ని పైన, గొట్టం మెడ దగ్గరే వెతికారు. జవాబు దొరికింది అడుగున. గొట్టాన్ని కిందికి కొంచెం పొడిగించి, కొత్తగా ఒక దిగువ స్వరాన్ని చేర్చి, దానికో పొడవాటి మీట పెట్టారు. ఆ దిగువ స్వరాన్ని వెనకరంధ్రం తెరిచి ఊదితే తప్పిపోయిన స్వరం దానంతటదే పైన పలికింది! ఈ వాద్యం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే. అవసరమైన స్వరం మెడ దగ్గర, దాన్ని పుట్టించే చోటు అడుగున.

18వ శతాబ్దం చివరికి క్లారినెట్‌కు అయిదారు మీటలొచ్చాయి. 1778లో మొజార్ట్ మాన్‌హైమ్ నగరంలో అక్కడి వాద్యబృందం క్లారినెట్లు విని, తమ దగ్గర అవి లేవే అని తండ్రికి ఉత్తరం రాశాడు. తర్వాత వియన్నాలో ఆంటన్ స్టాడ్లర్ క్లారినెట్ వాయించగా విన్నాక ఆయనకోసమే 1789లో ఒక క్వింటెట్, చనిపోవడానికి కొద్ది వారాల ముందు 1791లో ఒక కన్సర్టో పూర్తిచేశాడు. ఆ గొప్ప సంగీతమంతా కొద్దిపాటి మీటల బాక్స్‌వుడ్ గొట్టాల కోసం రాసిందేనని తలుచుకుంటే, అప్పటి విద్వాంసుల సాధన ఎంతటిదో అర్థమవుతుంది. శుద్ధస్వరాలు తప్ప మిగతావన్నీ వేళ్లను అడ్డదిడ్డంగా పట్టి సాధించాల్సిందే. అలా పట్టిన స్వరాలు మూగగా, డొల్లగా వచ్చేవి. శ్రుతి మారినప్పుడల్లా వేరే పొడవున్న వాద్యం తీసుకోవాల్సి వచ్చేది. అందుకే విద్వాంసుడి పెట్టెలో రెండు మూడు క్లారినెట్లుండేవి.

ఈ పెట్టె బరువు తగ్గించాలని పట్టుపట్టినవాడు ఇవాన్ ముల్లర్. ఇప్పటి ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 1786లో పుట్టాడు. ఊళ్లు తిరిగి కచేరీలు చేసిన వాద్యకారుడు. అడ్డం వస్తున్నది మీటల సంఖ్య కాదు, మీటకింద ఉన్న తోలుముక్క అని ఆయన గ్రహించాడు. అప్పటి మీటలకు చదునైన తోలు అతికించేవాళ్లు. అది గట్టిగా మూసుకోదు, గాలి కారుతుంది. మీట పెంచిన ప్రతిసారీ గాలి కారే చోటు ఇంకొకటి పెరిగేది. ముల్లర్ సన్నని తోలులో ఉన్ని కూరి మెత్తని ప్యాడ్ చేశాడు, రంధ్రం అంచును గిన్నెలా లోతుగా చెక్కాడు. ప్యాడ్ అందులో కూర్చుని రంధ్రాన్ని పూర్తిగా మూసింది. ఇక ఎన్ని మీటలైనా పెట్టుకోవచ్చు. పదమూడు మీటల వాద్యం చేసి, అన్ని శ్రుతుల్లోనూ ఈ ఒక్కటే చాలని 1812లో పారిస్ సంగీత విద్యాలయం పెద్దల ముందు పెట్టాడు.

వాళ్లు కాదన్నారు. స్వరకర్త చెరుబీని వంటి మహామహులున్న సంఘమది. ఒక్కో పొడవు క్లారినెట్‌కు ఒక్కో రకం నాదం ఉంటుంది, ఒకటే ఉంచేస్తే స్వరకర్తలు ఆ రంగులన్నీ పోగొట్టుకుంటారన్నది వాళ్ల అభ్యంతరం. దాన్ని మొండితనమని కొట్టిపారెయ్యలేం. ఈనాటికీ సింఫనీ బృందాల్లో వాద్యకారులు రెండు పొడవుల క్లారినెట్లు వెంటబెట్టుకునే వస్తారు. అయినా ముల్లర్ ఆగలేదు, ఊరూరా తన వాద్యం మీదే వాయిస్తూ పోయాడు. విన్నవాళ్లు అలాంటిదే చేయించుకున్నారు. ఆ ప్యాడ్ ఆలోచన ఇప్పుడు ప్రతి క్లారినెట్‌లోనూ ఉంది.

అసలు మలుపు మాత్రం పిల్లనగ్రోవి వైపునుంచి వచ్చింది. మ్యూనిచ్‌లో కంసాలిపని తెలిసిన వేణువాద్యకారుడు థియోబాల్డ్ బోమ్, 1832లో ఫ్లూటుకు ఉంగరపు మీటలు బిగించాడు. రంధ్రం చుట్టూ ఒక ఉంగరం ఉంటుంది. వేలు రంధ్రాన్ని మూస్తూనే ఆ ఉంగరాన్నీ నొక్కుతుంది, ఉంగరం ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో రంధ్రాన్ని మూస్తుంది. అంటే ఒక వేలు రెండు పనులు చేస్తుంది. ఇక రంధ్రాలను వేలికి అందేచోట కాకుండా, శాస్త్రం చెప్పినచోటే పెట్టవచ్చు. పారిస్ విద్యాలయంలో క్లారినెట్ ఆచార్యుడైన యాసింత్ క్లోజే ఈ సంగతి తన వాద్యానికి ఎందుకు పనికిరాదని ఆలోచించాడు. ఓగుస్త్ బ్యుఫే అనే నేర్పరి తోడయ్యాడు. గెంతు పంచమానికి కాబట్టి ఫ్లూటు వేళ్లపట్టు ఇక్కడ యథాతథంగా కుదరదు, అంతా మళ్లీ లెక్క కట్టుకోవాలి. పొడవాటి ఇరుసుల మీద మీటలు తిప్పడానికి బ్యుఫే సూదుల్లాంటి సన్నని స్ప్రింగులు వాడాడు. 1839 పారిస్ ప్రదర్శనలో ఆ క్లారినెట్ కనిపించింది. ఇరవై నాలుగు రంధ్రాలు, వాటిని ఏలడానికి పదిహేడు మీటలు, ఆరు ఉంగరాలు. బోమ్ ఈ వాద్యాన్ని ముట్టుకోలేదు, అయినా లోకం దీన్ని బోమ్ పద్ధతి అనే పిలిచింది. మన సంగీత పాఠశాలల్లో కనిపించేదీ చాలావరకు ఇదే.

జర్మనీ ఈ దారిలో నడవలేదు. అక్కడ ముల్లర్ వాద్యాన్నే మెరుగులు దిద్దుతూ బెర్లిన్‌లో ఆస్కర్ ఓలర్ తన పద్ధతి నిలబెట్టాడు. బ్రస్సెల్స్‌లో యూజీన్ ఆల్బర్ట్ కుటుంబం మరో మెరుగు చేసింది. ఈ ఆల్బర్ట్ పద్ధతి వాద్యాలు సైనిక బ్యాండ్లలో విరివిగా చేరాయి. బోమ్ పద్ధతి వ్యాపించినకొద్దీ అవి పాత సరుకై చవకగా దొరికాయి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నల్లజాతి సంగీతకారుల చేతికి అందినవి ఎక్కువగా అవే. సిడ్నీ బెషే, జానీ డాడ్స్ వాయించినవి ఆల్బర్ట్ క్లారినెట్లు. జాజ్ తొలినాళ్లలో వినిపించే ఆ లావుపాటి, జారుడు గొంతులో పాత వాద్యాల అంగడికీ వాటా ఉంది.

ఈలోగా గొట్టం చెక్క కూడా మారింది. తొలినాటి పసుపుపచ్చని బాక్స్‌వుడ్ ఊపిరి తడికి వంకర తిరిగేది, ఇనుప ఇరుసుల్ని మొయ్యలేకపోయేది. ఆఫ్రికానుంచి వచ్చిన నల్లచేవ కర్ర ఆ బరువు మోసింది. టాంజానియాలో దాన్ని ఎంపింగో అంటారు. మన జిట్రేగికి చుట్టం, ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత సాంద్రత దానిది. పనికొచ్చేంత చేవ పట్టడానికి డెబ్బై ఏళ్లకు పైనే పడుతుంది. ఒకే ఒక్క లోపం, చలిలో ఉన్న గొట్టంలోకి వెచ్చని తడి ఊపిరి హఠాత్తుగా పోతే పగులుతుంది.

ఇక మిగిలింది డెన్నర్ రంధ్రం. నిజానికి ప్రతి స్వరానికీ ఆ వెనకరంధ్రం వేరే చోట ఉండాలి. ఉన్నది ఒక్కటే కాబట్టి ఎక్కడ పెట్టినా కొన్ని స్వరాలకు సరిపోయి కొన్నిటికి తేడా చేస్తుంది. పైగా అదే రంధ్రం మెడ దగ్గరి ఒక స్వరాన్ని పలికించే పని కూడా చేస్తుంది, ఆ స్వరం ఎప్పుడూ కాస్త బొంగురే. దిగువ స్వరానికీ దాని పై జోడీకీ నడుమ దూరం కొన్నిచోట్ల పెరిగిపోయి, పై స్వరం శ్రుతి తప్పుతుంది. తరతరాల పనివాళ్లు రంధ్రాన్ని అటూ ఇటూ జరిపి చూశారు, లాభం లేకపోయింది. 1950లలో బ్యుఫే క్రాంపాన్ కర్మాగారంలో రాబర్ట్ కారే రంధ్రాన్ని వదిలి, గొట్టం లోపలి వెడల్పు మీద దృష్టి పెట్టాడు. పై భాగంలో వెడల్పు ఒకటే ఉంచకుండా, కిందికి దిగేకొద్దీ వెంట్రుకవాసి తేడాలతో సన్నబడే మెట్లుగా తొలిచాడు. పైకి కంటికి కనిపించని ఆ మెట్లు జోడీ స్వరాలను దగ్గరికి లాగాయి. ఆ నమూనా పేరు ఆర్13. అమెరికా సింఫనీ బృందాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన క్లారినెట్ ఇదే. సెకండ్‌హ్యాండ్‌లో దాని ధర అంతగా దిగకపోవడానికి కారణం పేరొక్కటే కాదని అందుకే అంటాను.

మిగతావాళ్లు వేరే రుచులు ఎంచుకున్నారు. లండన్‌కు చెందిన బూసీ అండ్ హాక్స్ వారి 1010 నమూనాలో లోపలి వెడల్పు 15.2 మిల్లీమీటర్ల దాకా ఉండేది. జాక్ బ్రైమర్ చేతిలో దాని నిండైన గొంతు ఇంగ్లండుకు ఒక గుర్తుగా నిలిచింది. పారిస్ సెల్మర్ వారి సెంటర్డ్ టోన్ కూడా వెడల్పు గొట్టమే, జాజ్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ పేరుతో ముడిపడింది. ఇలాంటి వాద్యాలకు వాటికి తగిన మౌత్‌పీసే కావాలి. వేరేది తగిలిస్తే శ్రుతి చెదురుతుంది, తప్పు వాద్యానిది అనుకుంటాం.

లెబ్లాంక్ కథలో యుద్ధం కలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో గ్లెన్ మిల్లర్ సైనిక బ్యాండులో వాద్యాలు బాగుచేసే కుర్రాడు వీటో పస్కూచీ. యుద్ధం ముగిశాక కలిసి సంగీత దుకాణాలు పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. 1944 డిసెంబర్ 15న మిల్లర్ ఎక్కిన విమానం ఇంగ్లిష్ చానల్ మీద అదృశ్యమైంది. పారిస్ చేరిన పస్కూచీ లెబ్లాంక్ కుటుంబాన్ని వెతుక్కుంటూ వెళ్లి పరిచయం చేసుకున్నాడు. 1946లో అమెరికాలోని కెనోషా పట్టణంలో వాళ్ల శాఖ మొదలైంది. బడిపిల్లల కోసం వచ్చిన వీటో అనే ప్లాస్టిక్ క్లారినెట్‌కు ఆయన పేరే పెట్టారు.

ప్లాస్టిక్ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. 1964లో జాన్ బ్యాకస్ అనే భౌతికశాస్త్రవేత్త క్లారినెట్ గొట్టం గోడలు ఎంత కంపిస్తాయో కొలిచి, ఆ కంపనాల వల్ల వచ్చే ధ్వని చెవికి అందేంత కాదని తేల్చాడు. పలికేది లోపలి గాలి, దాని ఆకారాన్ని నిర్ణయించేది తొలిచిన తీరు. చెక్క మీది ప్రేమతో విద్వాంసులు ఇది ఒప్పుకోకపోవచ్చు. కానీ బ్యుఫే వారే 1990లలో నల్లచేవ పొడిలో కార్బన్ నారలు, రెసిన్ కలిపి గ్రీన్‌లైన్ పేరుతో పగలని క్లారినెట్లు తెచ్చారు. చెట్టు అపురూపం కావడమూ అందుకు ఒక కారణమే. 2017లో ఈ ప్రజాతి చెట్లన్నిటి అంతర్జాతీయ రవాణాకూ అనుమతులు తప్పనిసరి చేశారు. తయారైన వాద్యాలకు 2019 చివర మినహాయింపు దొరికింది.

మన దేశానికి క్లారినెట్ ఇంగ్లిషువాళ్ల సైనిక బ్యాండ్లతో వచ్చింది. 19వ శతాబ్దంలో తంజావూరులో మహదేవ నట్టువనార్ దాన్ని నాట్యకచేరీలోకి తీసుకొచ్చాడని చెబుతారు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళంలో పాట గొంతును మోసేది అదే. తిరుచ్చికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ నాదస్వరం బాణీలో రాగాలాపన చేసి దాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టారు, 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మెట్లు మెట్లుగా పలకడానికి ఇన్ని మీటలు బిగించిన వాద్యం మీద గమకం పలికించడం ఎంత సాధనో వినేవాళ్లకు తెలుసు.

అందుకే పాతది కొనేటప్పుడు అంచుమీది పేరు ఆఖరున చూడాలని నా నమ్మకం. ముందు ఉంగరాలు లెక్కపెట్టాలి. ఆరుంటే బోమ్ పద్ధతి, దాన్ని నేర్పే గురువులు దొరుకుతారు. రెండో మూడో ఉంటే ఆల్బర్ట్ రకం, ఆ వేళ్లపట్టు తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలి. తర్వాత పొడవు. మామూలు బి ఫ్లాట్ క్లారినెట్ మౌత్‌పీస్ లేకుండా 60 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంతకన్నా స్పష్టంగా పొట్టిగా ఉంటే అది వేరే శ్రుతిదైనా కావచ్చు, లేదా ఒకప్పటి బ్రిటిష్ బ్యాండ్ల హెచ్చు శ్రుతికి చేసిందైనా కావచ్చు. అప్పటి ఆధార స్వరం 452 కంపనాలు, ఇప్పటిది 440. హెచ్చు శ్రుతి వాద్యాల మీద కొన్నిసార్లు హెచ్.పి. అన్న ముద్ర ఉంటుంది. ఎంత అందంగా ఉన్నా ఇప్పటి హార్మోనియంతో అది కలవదు.

పై భాగం వెలుతురులో తిప్పి చూడాలి, పగుళ్లు మొదట వచ్చేది రంధ్రాల నడుమే. బాగా అతికించిన పగులుకు భయపడక్కర్లేదు, ధర మాత్రం తగ్గాలి. కింది కొనను అరచేత్తో మూసి, వేళ్లతో రంధ్రాలు మూసి, పైనుంచి గాలి పీలిస్తే ఆ బిగి కాసేపు నిలవాలి. వెంటనే జారిపోతే ప్యాడ్లు మార్చాలి, ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు యమహా, వీటో వంటి ప్లాస్టిక్ వాద్యాలే మేలంటాను. మన ఎండకూ తేమకూ అవి పగలవు, శ్రుతి నమ్మకంగా ఉంటుంది. పేరు తెలియని కొత్త చవక వాద్యం కన్నా బాగుచేయించిన పాత యమహా ఎన్నో రెట్లు నయం. చేయి తిరిగినవాళ్లయితే ఆర్13, సెల్మర్, లెబ్లాంక్ మూడూ వాయించి చూసుకోవాల్సిందే.

మంచి రీడు, తమ సొంత మౌత్‌పీస్ వెంట తీసుకెళ్లాలి. ఫోనులో ట్యూనర్ పెట్టుకుని అడుగు స్వరం ఒకటి పట్టి, వేళ్లు కదపకుండా బొటనవేలితో వెనక మీట తెరవాలి. ఇలాగే నాలుగైదు స్వరాలు, పైనుంచి కింది దాకా. ప్రతి జోడీకీ ముల్లు నడిమి గీతకు దగ్గరగా నిలిస్తే బేరం మొదలుపెట్టవచ్చు.